ఫోనుకూ ఒక దురాయి

ఆ రాత్రి మా పాపకు పాలపన్ను ఊడింది. పిడికిట్లో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. వాళ్ల నాయన దగ్గరికి పోతే ఫోను మీద నుంచి కళ్లెత్తకుండా ‘ఊఁ’ అన్నాడు. నా దగ్గరికి వచ్చింది, నేనూ ‘ఊఁ’ అన్నాను. వాళ్లన్న చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. చివరికి మా అత్త సీరియల్ ఆపి, పేడ ముద్దలో పన్ను పెట్టి, పాప చేతనే మిద్దె మీదికి విసిరించిందట. మరునాడు పొద్దున పాప నవ్వితే పైవరసలో ఖాళీ కనపడింది. ‘ఎప్పుడు ఊడిందే?’ అని అడిగాను. ‘రాత్రి చూపించాను గదమ్మా’ అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మాది నెల్లూరు తీరం, ఇందుకూరుపేట మండలం. ఫోన్లు పక్కన పడేసి పిల్లలతో గడపండి అని చెప్పడం తేలికే గానీ, మా వైపు అది జరిగే పని కాదు. మా ఆయనవి రొయ్యల గుంటలు. అర్ధరాత్రి కరెంటు పోయి, నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే ఫోను మోగాలి. మోగకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, పంటంతా పోతుంది. జాలర్లుండే పట్టపుపాలెంలో మగవాళ్లు వేటకు పోయిన రోజున ఆడవాళ్ల ప్రాణం ఫోను మీదే ఉంటుంది. మా ఆడబిడ్డ కువైట్‌లో పనిచేస్తోంది. పదేళ్ల ఆమె కొడుకు మా ఇంట్లో పెరుగుతున్నాడు. వాడు తల్లి ముఖం చూడాలంటే ఫోనే దిక్కు. అందుకని ఫోనును ఇంట్లోంచి తరిమేసే చిట్కాలు నా దగ్గర లేవు. దాన్ని ఎక్కడ ఉంచాలో, ఎప్పుడు మోగనివ్వాలో మా ఇంట్లో చేసి చూసినవి, పాలెంలో తెలిసిన ఇళ్లలో చూసినవి రాస్తున్నాను.

1. మోగి తీరాల్సిన ఫోను ఏదో ముందు తేల్చండి

ఒక కాగితం తీసుకుని, ఏ వేళలోనైనా ఎత్తాల్సిన నంబర్లు రాయండి. మా ఇంట్లో రాస్తే ఏడు తేలాయి: గుంటల కాడ కాపలా మనిషి, మోటారు స్టార్టరుకు పెట్టిన సిమ్, లైన్‌మన్, కువైట్, మా అమ్మ, బడి, పక్కింటివాళ్లు. వేటకు పోయే ఇళ్లలో బోటులో ఉన్నవాళ్ల నంబర్లు, ఒడ్డున బోటు యజమాని నంబరు ఈ జాబితాలో మొదట ఉంటాయి. మిగతావన్నీ ఒక గంట ఆగగలిగేవే.

ఇప్పుడు ఆ నంబర్లకు ఫోనులో స్టార్ గుర్తు పెట్టండి. సెట్టింగ్స్‌లో ‘డు నాట్ డిస్టర్బ్’ అని ఉంటుంది. అది వేసి, స్టార్ పెట్టిన నంబర్లకు మాత్రం మినహాయింపు ఇవ్వండి. ఐఫోన్‌లో ఇదే పని ‘ఫోకస్’ చేస్తుంది. ఒకే మనిషి వెంటవెంటనే రెండోసారి చేస్తే మోగేలా కూడా పెట్టుకోవచ్చు. కొత్త నంబరు నుంచి ఎవరైనా ఆపదలో ఫోను చేస్తారేమో అన్న భయం దానితో తీరుతుంది. ఇంత తంటా ఎందుకనుకుంటే, పాత బటన్ల ఫోను ఒకటి కొని ఆ నంబరు గుంటల మనిషికీ ఇంటివాళ్లకీ మాత్రం ఇవ్వండి. స్మార్ట్‌ఫోను మూలన ఉన్నా గుండె నిబ్బరంగా ఉంటుంది.

ఈ చిట్కాను మొదట పెట్టడానికి కారణం ఉంది. మా ఆయన ఫోను చేతికి తీసుకునేది గుంటల కోసమే, అందులో అబద్ధం లేదు. తీసుకున్నాక నలభై నిమిషాలు పోయేది మాత్రం రీల్స్‌లో. నాదీ అదే కథ. సంఘం మీటింగు ఎన్నింటికో చూద్దామని తెరిచి, ఎవరిదో పెళ్లి వీడియో దగ్గర తేలేదాన్ని. అవసరం తలుపు తీస్తుంది, దాని వెనకే అక్కర్లేనివన్నీ లోపలికి వస్తాయి. ఆ రెండింటినీ విడదీయకుండా ఏ నియమం పెట్టినా మూడు రోజులకు మించి నిలవదు.

2. దురాయి పెద్దలకే ముందు

మా తీరం పాలేల్లో కాపులు, అంటే పాలెం పెద్దలు, కూర్చుని ఊరికి ఒక కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటారు. ఫలానా రోజు వేటకు పోకూడదని దురాయి వేస్తే పెద్ద బోటు ఉన్నవాడికీ, తెప్ప మీద పోయేవాడికీ ఒకటే మాట. దురాయిలన్నీ మంచివని నేను అనను. కానీ అందులో ఒక న్యాయం ఉంది: కట్టుబాటు పెట్టిన పెద్దే ముందు దానికి కట్టుబడాలి.

ఇళ్లలో మనం ఫోను గురించి పెట్టే నియమాలన్నీ పిల్లలకే. ‘ఏందిరా ఎప్పుడు చూసినా ఆ ఫోను’ అని కేకేసే తండ్రి చేతిలోనూ ఫోనే ఉంటుంది. పిల్లలు మాట వినరు, చూసింది చేస్తారు.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అనే పల్లె ఉంది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ సాయంత్రం 7 గంటలకు గుడి మీది సైరన్ మోగుతుంది. ఊళ్లో టీవీలు, ఫోన్లు ఆపేస్తారు. 8:30కి మళ్లీ మోగే దాకా చదువులు, మాటలు. పిల్లలకే కాదు, ఊరందరికీ అదే సైరన్ కాబట్టి దేశమంతా ఆ ఊరి గురించి చెప్పుకుంది.

మేం పెట్టుకున్న దురాయి రాత్రి 8 నుంచి 9 దాకా. ఇంట్లో ఆరుగురం, ఫోన్లు నాలుగు. తప్పినవాళ్లు మరునాడు చేపలు కడగాలి. మొదటి వారం ఎక్కువసార్లు కడిగింది నేను. పిల్లలు అది చూశారు. రెండో వారం నుంచి వాళ్ల నోట ‘మాకేనా’ అన్న మాట రాలేదు.

ఫోనును సారాతో పోల్చేవాళ్లు కనపడుతుంటారు. నేను ఒప్పుకోను. 1992లో మా జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, ఎందుకంటే సారా వల్ల ఇంటికి ఒక్క మేలూ లేదు. ఫోను వల్ల ఉంది. మేలు ఉన్నదాన్ని అదుపులో పెట్టడం, లేనిదాన్ని మూయించడం కంటే కష్టం. అందుకే కేకలతో కాదు, కట్టుబాటుతో పోవాలి.

3. గూడు కేటాయించండి

పాత ఇళ్లలో దీపం గూడు ఉంటుంది. మేం దాన్నే ఫోన్లకు ఇచ్చాం. చార్జింగ్ బోర్డు అక్కడికే మార్పించాం. మంచం దగ్గర ప్లగ్గు ఉంటే ఫోను మంచం మీదికే వస్తుంది, వంటింట్లో ఉంటే పొయ్యి పక్కకు వస్తుంది. మోగితే వినపడాలి, చెయ్యి చాపితే అందకూడదు. అంతే.

4. వేళను మీ ఇంటి పనిని బట్టి పెట్టుకోండి

రాత్రి 8 గంటలు మాకు కుదిరింది, చివరి మేత వేసి మా ఆయన ఇంటికి వచ్చే వేళ కాబట్టి. తెల్లవారుజామున వేటకు లేచే ఇళ్లలో ఎనిమిదికే పడుకుంటారు. వాళ్లకు పొద్దుగుంకే వేళ మంచిది. కృష్ణపట్నం పోర్టులోనో, నేలటూరు థర్మల్ కేంద్రంలోనో షిఫ్టులు చేసేవాళ్లకు రోజుకో వేళ. మాకు తెలిసిన ఒకింట్లో ఆయనకు రాత్రి షిఫ్టు పడిన వారంలో ఆ గంటను పొద్దుటికి మారుస్తారు. బడికి పోయే ముందు నలుగురూ కలిసి కారం దోశలు తింటారు. అది ఇరవై నిమిషాలే. చాలు.

5. చేప తినేటప్పుడు తెర వద్దు

తీరం ఇళ్లలో ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, గొంతుకు సంబంధించిన సంగతి. కవళ్లలో ముళ్లు వెంట్రుకల్లా ఉంటాయి. ఏ చేపకు ముల్లు ఎక్కడుంటుందో వేళ్లకు తెలియాలి, నాలుకకు తెలియాలి. తెర చూస్తూ తినే పిల్ల నోట్లో ఏముందో చూసుకోదు, నోరు తెరవమంటే తెరుస్తుంది, మింగమంటే మింగుతుంది. ముల్లు గుచ్చుకుని మధ్యరాత్రి ఆసుపత్రికి పరుగెత్తిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

మా పాపకు రెండేళ్లప్పుడు నేనూ ఫోను పెట్టి తినిపించాను. గుంటల పనివాళ్లకు వంట, మామగారి జబ్బు, ఒక్క చేత్తో అన్నీ. ఆ తల్లులను నేను తప్పు పట్టను. మాన్పించాలనుకున్నప్పుడు మాత్రం ఇలా చేయండి. మొదట కంచం పట్టుకుని వెంటపడటం మానండి. పిల్లను పెద్దవాళ్ల వరసలో కూర్చోబెట్టండి, తన కంచం తనకు పెట్టండి. సగమే తిన్నా సరే, వదిలేయండి. మూడు పూటలు ఏడుస్తుంది, నాలుగో పూట ఆకలికి తింటుంది. మా పాప ఫోనును పూర్తిగా మరవడానికి సరిగ్గా నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు అత్తగారికి, ఆయనకు ముందే చెప్పి పెట్టుకోండి. ఒకరు గట్టిగా ఉంటే ఇంకొకరు జాలిపడి ఫోను ఇచ్చే ఇంట్లో పని జరగదు.

తర్వాత తెర ఉన్న చోట మాట రావాలి. మా అత్త కంచంలో ముక్క వేసి, ‘ఇదేం చేపో చెప్పు’ అంటుంది. వంజరమా, చందువా, మాగా? తోకను బట్టి చెప్పాలి, పొలుసును బట్టి చెప్పాలి. చెప్పినవాళ్లకు మామిడికాయ ముక్క. పులుసులో నానిన ఆ ముక్క కోసం పిల్లలు ఎంత పోటీ పడతారో నెల్లూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకు రోజు మొత్తం మీద గంట దాటవద్దని భారత శిశువైద్యుల అకాడమీ 2021లో సూచించింది. దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ మాట్లాడించడానికి మాత్రం వాళ్లూ అడ్డు చెప్పలేదు.

6. ఒడ్డున ఒకరు ఫోను లేకుండా నిలబడండి

ఆదివారం మైపాడుకో కొత్తకోడూరుకో పోతే చూడండి. పిల్లలు అలల్లో ఉంటారు. పెద్దవాళ్లు ఒడ్డున తలలు వంచుకుని, తీసిన ఫొటోల్లో ఏది బాగుందో ఎంచుకుంటుంటారు. మన సముద్రం కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. మోకాటి లోతులో నిలబడ్డ పిల్ల ఒక్క అలకు నడుము లోతులోకి పోతుంది, కేక వేసే వ్యవధి కూడా ఉండదు.

మేం చేసేది ఇది. దిగకముందే పది నిమిషాలు ఎన్ని ఫొటోలైనా తీసుకుంటాం. తర్వాత ఒక పెద్దమనిషి ఫోను వేరేవాళ్లకు ఇచ్చేసి నీళ్ల అంచున నిలబడాలి. ఆ మనిషికి పిల్లలను లెక్కపెట్టడం తప్ప ఇంకో పని ఉండకూడదు. ఇరవై నిమిషాలకు ఒకరు మారతారు. మారేటప్పుడు ‘ఇక నువ్వు చూడు’ అని నోటితో చెప్పాలి. అందరూ చూస్తున్నారులే అనుకున్న రోజునే ఎవరూ చూడరు. అలలకు వీపు తిప్పి సెల్ఫీ దిగడం మాత్రం ఎవరికీ, ఎప్పుడూ వద్దు.

7. కువైట్ కాల్‌కు ఇల్లంతా కూర్చోండి

మా జిల్లా పల్లెల్లో, పక్కన కడపలో తల్లో తండ్రో కువైట్‌లో ఉన్న ఇళ్లు కొల్లలు. ఈ చిట్కా వాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను.

కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి 8 అయితే అక్కడ సాయంత్రం 5:30. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు వేళ వాళ్ల చేతుల్లో ఉండదు. కాబట్టి వేళ పెట్టేది వాళ్లు, సర్దుకునేది మనం. మా ఆడబిడ్డకు శుక్రవారం కొంచెం తీరిక. ఆ రోజు మా దురాయి గంటలో గూట్లోంచి బయటికి వచ్చేది ఒక్క ఫోనే, ఆ ఒక్క కాల్‌కే.

మొదట్లో ఫోను చేతులు మారుతూ తిరిగేది. ‘బాగుండావా, తిన్నావా’ అన్నాక మాట ఆగిపోయేది. మేనల్లుడు తెర ముందుకు రానని మంచం కింద దూరేవాడు. బలవంతం చేస్తే ఏడ్చేవాడు, అక్కడ ఆమె ఏడ్చేది. అప్పుడు మా అత్త ఒక మాట అంది: ‘వాణ్ణి మాట్లాడమని అడక్కండి. అది వాణ్ణి చూసుకోనివ్వండి.’ అప్పట్నుంచి ఫోనును బిందెకు ఆనించి వసారాలో పెడుతున్నాం. వాడు కింద కూర్చుని లెక్కలు చేసుకుంటాడు. ఆమె అక్కడ బట్టలు మడత పెట్టుకుంటూ వాడి చేతిరాత చూస్తుంటుంది. పావుగంట ఎవరూ ఏమీ మాట్లాడకపోయినా పరవాలేదు. ఇల్లంటే ఎప్పుడూ మాట్లాడుకునే చోటు కాదు గదా. మూడో వారం వాడే పుస్తకం ఎత్తి ‘ఇది ఎట్టా చెయ్యాల?’ అని తల్లిని అడిగాడు.

ఇంకొన్ని చిన్న సంగతులు. వారమంతా అమ్మకు చెప్పాలనుకున్నవి రాసుకోవడానికి ఒక నోటుబుక్కు మేకుకు తగిలించండి. మునగచెట్టు పూసింది, మేక ఈనింది, వీధిలో కొత్త కొళాయి వేశారు – దూరాన ఉన్నవాళ్లకు కావాల్సినవి ఇవే. డబ్బుల లెక్కలు, అప్పుల మాటలు పిల్లవాడి ముందు ఎత్తకండి, వాటికి వేరే రోజు చేయండి. కాల్ చివర పది నిమిషాలు తల్లీ బిడ్డను ఒంటరిగా వదలండి.

ఉత్తరం కోసం నెలలు ఎదురుచూసిన కాలం, ఐఎస్‌డీ బూత్‌లో నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడిన కాలం మా అత్తకు గుర్తుంది. ఫోనును తిట్టబోయినప్పుడల్లా ఆమె నాకు ఆ సంగతి చెబుతుంది.

8. వేట లేని 61 రోజులు పోగొట్టుకోకండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. జువ్వలదిన్నె రేవు నుంచి తడ దాకా మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి. ఏడాదిలో మిగతా రోజులు రాత్రీ పగలూ నీళ్ల మీద ఉండే తండ్రి ఆ రెండు నెలలూ ఇంట్లో ఉంటాడు. బడికి కూడా సెలవులు. పిల్లలకు తండ్రి దొరికే కాలం అదే.

పాలెంలో నాకు తెలిసిన ఒకాయన ఆ రోజుల్లో వలలు బాగుచేసుకుంటూ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. రెండు చేతులూ వలలో ఉంటే ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ముడి వేయడం నేర్పుతాడు, ఏ కన్ను ఏ చేపకో చెబుతాడు. పాటలు కావాలంటే ఫోనును చూరుకు కట్టి అందరికీ వినపడేలా పెడతాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పాట ఒక్కరిదే అవుతుంది, చూరుకు కడితే వలతో పాటు పాటా అందరిదీ. వల లేని ఇళ్లలో ఆవకాయ ముక్కలు కొట్టడం, వడియాలు పెట్టడం ఉన్నాయి. చేతులకు పని ఉన్న చోట మాట దానంతట అదే వస్తుంది.

9. రాకెట్టును కళ్లతో చూడండి

శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచిన రోజున మా వైపు అందరూ మిద్దెలెక్కి దక్షిణం దిక్కు చూస్తారు. 2023 జులై 14న మధ్యాహ్నం 2:35కు చంద్రయాన్-3 లేచినప్పుడూ ఎక్కాం. చేతులన్నీ పైకి లేచాయి, చేతుల్లో ఫోన్లు. ఆకాశంలోది తెరలో చూశారు. తర్వాత ఆ వీడియో పెట్టుకుంటే తెల్ల చుక్క తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో కౌంట్‌డౌన్ ఫోనులో వింటాం. వీడియో ఒక్కరే తీస్తారు, ప్రతిసారీ ఒకరి వంతు. మిగతావాళ్లవి వట్టి కళ్లు. పిల్లలకు ఒక లెక్క కూడా ఇస్తాను. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు 3 సెకన్లు తీసుకుంటుంది. సూళ్లూరుపేటలో నిలబడితే వెలుగు కనపడ్డ నిమిషానికి గానీ మోత అందదు. మా మిద్దెకు 80 కిలోమీటర్ల పైమాటే. అంటే నాలుగు నిమిషాలు దాటాలి. ఆ నాలుగు నిమిషాలు ముగ్గురు పిల్లలూ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించి నిలబడ్డారు. వినపడిందని పాప, లేదని మేనల్లుడు ఇప్పటికీ వాదించుకుంటారు. శ్రీహరికోటలో 2019 నుంచి జనం కూర్చుని చూసే గ్యాలరీ ఉంది. ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. వీలైతే ఒకసారి తీసుకుపోండి.

10. చదువు ఫోనును వసారాలోనే వాడనివ్వండి

హోంవర్కు వాట్సాప్‌లో వస్తుంది కాబట్టి పిల్లలకు ఫోను ఇవ్వక తప్పడం లేదు. దేశంలోని పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చని 2024 అసర్ విద్యా సర్వే నివేదిక చెప్పింది. వాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. చదువు ఫోను అని మనం పెట్టుకున్న పేరు ఎంతవరకు నిజమో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

హోంవర్కును నోటుబుక్కులోకి ఎక్కించుకుని ఫోను గూట్లో పెట్టేయమనండి. దానికి పావుగంట చాలు. వీడియో పాఠం ఉంటే వసారాలో, పదిమంది తిరిగే చోట చూడమనండి. తలుపు వేసుకుని వద్దు. ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతట అది మొదలయ్యే ఏర్పాటును సెట్టింగ్స్‌లో ఆపేయండి. చిన్నపిల్లల ఫోనుకు గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ అనే ఆప్ ఉచితంగా దొరుకుతుంది, గంటలు కట్టడి చేయొచ్చు.

తొమ్మిదో తరగతి వాడికి తాళాలు పనిచేయవు. మా పెద్దవాడు ఏ గేము ఆడుతున్నాడో తెలుసుకుందామని వాళ్ల నాయన పక్కన కూర్చుని, ‘నాకూ నేర్పు రా’ అన్నాడు. ఆ అరగంటలో వాడు వాళ్ల నాయనతో మాట్లాడినంత అంతకుముందు నెలలో మాట్లాడలేదు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చట్టం అమల్లోకి వచ్చింది. చట్టాలు రావాల్సినవే. అవి వచ్చే లోపల పక్కన కూర్చునే మనిషి కావాలి.

11. జేజి (నాయనమ్మ) చేతిలో ఫోనును విసుక్కోకండి

ఇంట్లో అందరూ ఫోన్లలో ఉన్నారు కాబట్టే ముసలివాళ్లు ఫోను పట్టుకున్నారు. వాళ్లను తప్పు పట్టేముందు మీరు రోజుకు ఎన్ని మాటలు మాట్లాడుతున్నారో చూసుకోండి. ఫొటో ఎట్టా పంపాలో పిల్లల చేత నేర్పించండి, దానికి బదులు జేజి చేత ఒక కథ చెప్పించుకోమనండి.

ఒక్క సంగతి మాత్రం అందరూ కూర్చుని చెప్పుకోవాలి. పోలీసులమని, బ్యాంకు వాళ్లమని భయపెట్టే ఫోను వస్తే ఆ మాట దాచకుండా ఇంట్లో ఎవరికో ఒకరికి వెంటనే చెప్పాలి. చెప్పినవాళ్లను ఎవరూ తిట్టకూడదు. మోసం చేసేవాడు ముందు మనిషిని ఇంటివాళ్ల నుంచి వేరు చేస్తాడు. ‘డిజిటల్ అరెస్టు’ అనేది ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

12. తుఫాను రోజున ఒక్క ఫోనే

2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర, వాన మాత్రం మా మీద కుండపోత. కరెంటు పోయింది. మొదటి రాత్రే పిల్లలు గేములాడి రెండు ఫోన్లు చంపేశారు. రెండో రాత్రికి గుంటల మనిషితో మాట్లాడటానికి మిగిలింది ఒక్క ఫోను, అందులోనూ చార్జింగ్ కొనకొచ్చింది. ఆ రాత్రి పడిన భయం మరిచిపోలేను.

హెచ్చరిక రాగానే అన్నీ చార్జింగ్ పెట్టండి. కరెంటు పోయాక ఒకటి ఆన్‌లో ఉంచి మిగతావి స్విచాఫ్ చేయండి. అది అయిపోయాక రెండోది. వాతావరణ శాఖ మాట, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మాట తప్ప వాట్సాప్‌లో తిరిగే తుఫాను వీడియోలు నమ్మకండి, పంపకండి. 2004 సునామీ తర్వాత 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టింది ఇన్‌కాయిస్‌లోనే. ఆపదలో చేయాల్సిన 112, 1070 నంబర్లు గోడ మీద రాసి పెట్టండి. లాంతరు కింద పులి-మేక, అష్టాచెమ్మా ఆడుకోవడానికి సుద్దముక్క, చింతగింజలు చాలు.

13. చెయ్యి దాటిందనిపిస్తే దాచకండి

ఫోను తీసుకుంటే వస్తువులు విసిరికొట్టడం, రాత్రంతా నిద్ర లేకపోవడం, బడి మానేయడం, అన్నం దగ్గరికి రాకపోవడం – ఇవి వారాల తరబడి సాగుతుంటే అది పొగరు కాదు. కొట్టడం వల్ల తగ్గదు, గుడికి తీసుకుపోయి తాయెత్తు కట్టిస్తే తగ్గదు. పెద్దవాళ్లకూ వస్తుంది, ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు పోగొట్టుకున్న మగవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో దీనికోసమే ‘షట్’ అనే క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. అంత దూరం పోకముందే చేయగలిగింది ఒకటి ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైనుకు రాత్రయినా పగలయినా ఫోను చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోవడానికి సిగ్గుపడం గదా, దీనికీ సిగ్గుపడకండి. నంబరు 14416. మోగి తీరాల్సిన నంబర్లు రాసుకున్న మీ కాగితం మీద దీన్ని కూడా రాసి పెట్టుకోండి.